కంప్యూటరుకు బోణీ నేర్పాను

తెలివితక్కువ పనులు అందరూ చేస్తారు. కానీ ప్రపంచంలో ఇంకెవరూ చేయని తెలివితక్కువ పని చేయాలంటే కాస్త తెలివి కావాలి. ఆ లెక్కన నేను మేధావిని. ఎక్కడో అమెరికాలో నడిచే ఒక సాఫ్టువేరుకు పలాసలో కూర్చుని బోణీ బేరం నేర్పిన మొదటి మనిషిని నేనే. చివరి మనిషినీ నేనే. ఎందుకో ఇది చదివాక మీకే తెలుస్తుంది. సంగతి జీడిపప్పుతో మొదలై, హైదరాబాదులో నలభై మంది ఎదుట నా పరువుతో ముగుస్తుంది. మధ్యలో మీకు నవ్వొస్తే మొహమాటపడకండి. ఆ రోజు నేను తప్ప అందరూ నవ్వారు.

సాఫ్టువేరు పేరు చెప్పను. తప్పు సరుకుది కాదు, కొన్నవాడిది.

మా నాన్నది పలాసను ఆనుకున్న కాశీబుగ్గ బజారులో కిరాణా కొట్టు. నేను నడక నేర్చింది పప్పుబస్తాల మధ్య, మాటలు నేర్చింది బేరాల మధ్య. ఆ కొట్లో రెండు శాసనాలుండేవి. మొదటిది బోణీ. పొద్దున తలుపు తీయగానే వచ్చిన మొదటి మనిషిని ఉత్త చేతులతో పంపకూడదు. ఎంతకడిగితే అంతకు, గొణుక్కుంటూనైనా ఇచ్చేయాలి. బారువ నుంచి ఎండుచేపలు అమ్ముకోవడానికి వచ్చే ఎర్రమ్మ ఈ కిటుకు కనిపెట్టి, నాన్న తాళం తీయకముందే మెట్టు మీద కూర్చునేది.

“సింతపండు ఎలగిత్తన్నావు బాబూ?”

నాన్న ధర చెప్పేవాడు. ఆమె అందులో సగం చెప్పేది.

“ఏటి ఎర్రమ్మా, మరీ సగమా!”

“బోణీ బేరం బాబూ. ఒద్దంటే సెప్పు, నానెల్లిపోతాను మరి.”

వెళ్ళనిస్తే ఇంకేమైనా ఉందా? నాన్న తూచి ఇచ్చేవాడు. ఆ రోజంతా ఆమెను తిట్టుకుంటూనే, లక్ష్మిలా వచ్చి బోణీ చేసిందని పొగిడేవాడు. రెండూ ఒకే నోటితో.

రెండో శాసనం, పెట్టె అడుగు తుడవకూడదు. సాయంత్రం గల్లాపెట్టెలో ఎంత తీసినా అడుగున ఒక రూపాయి బిళ్ళ ఉంచాలి. బియ్యం డబ్బాలో గుప్పెడు గింజలు ఉంచాలి. ఖాళీ పెట్టెలో చెయ్యి పెడితే దరిద్రం పట్టుకుంటుందట. ఈ రెండో శాసనాన్ని నేను పెద్దగా పట్టించుకోలేదు. మీరు మాత్రం దయచేసి గుర్తుంచుకోండి.

మా మేనమామ సూర్యంగారికి పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ ఉండేది. ఎప్పుడూ పెద్ద డబ్బాల లెక్కన టోకు వర్తకులకు అమ్మినవాడు, రెండువేల ఎనిమిది తొమ్మిది ప్రాంతంలో అందరూ పెడుతున్నారని వెబ్‌సైటు పెట్టించి, అరకిలో డబ్బాలు కొరియర్లో నేరుగా ఇళ్ళకు పంపడం మొదలుపెట్టాడు. ఆర్డర్లు వచ్చాయి. పెళ్ళికూతురి వెనక తోడిపెళ్ళికూతురిలా ఫిర్యాదులూ వచ్చాయి. డబ్బా సొట్టపడింది. గుండు పప్పు అడిగితే బద్దలు వచ్చాయి. ఇంకో ఆవిడ, మా పప్పు బాగానే ఉంది గాని మా ఆడపడుచుకు పంపింది ఇంకా బాగుంది, కారణమేమిటో తెలపగలరు, అని రాసింది.

ఇవన్నీ చూసుకునేది రూతమ్మ. టెక్కలి నుంచి రోజూ రైల్లో వచ్చేది. మా వైపు అక్కను అప్ప అంటాం. నేనామెను అప్పా అనే పిలిచేవాణ్ని. ఇరవై ఏళ్ళు షెడ్డులో జీడిపిక్కలు కొట్టిన మనిషి. పిక్కలోని నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. ఆమె వేళ్ళు కొసల దాకా నల్లబడి ఉండేవి. ఆదివారం వాళ్ళ బాప్టిస్టు చర్చిలో వాక్యం చదివేది ఆమే. ఒకరోజు ఆఫీసులో ఎవరూ లేనప్పుడు ఫోను మోగుతుంటే ఎత్తింది. అవతల కేకలు వేస్తున్న పెద్దమనిషి రెండు నిమిషాల్లో, “ఉంటానమ్మా, ఆరోగ్యం జాగ్రత్త,” అని పెట్టేశాడు. మావయ్య ఆ రోజే ఆమెను షెడ్డు మాన్పించి, ఆఫీసులో కిటికీ పక్కన కుర్చీ వేయించాడు. ఒక ఫోను, ఒక పొడుగాటి నోటుపుస్తకం ఇచ్చాడు. ఈ కథంతా ఆ కుర్చీ గురించే.

నేను విశాఖపట్నంలో కంప్యూటరు కోర్సు చేసి, తల బరువెక్కి, మావయ్య దగ్గర చేరాను. చేరిన నెలకే ఈ సాఫ్టువేరు నా కంట్లో పడింది.

“మావా, ఫిర్యాదులన్నీ ఒకే పెట్టెలో పడతాయి. ఒక్కో ఫిర్యాదుకీ ఒక టికెట్టు. ఎన్ని వచ్చాయి, ఎన్ని తేలాయి, అన్నీ తెర మీద కనపడతాయి.”

“ఇప్పుడు మాత్రం కనపట్టం లేదేటి, రూతమ్మ పుస్తకంలో?”

“పుస్తకం పలాసలో ఉంటాది మావా. ఇది క్లౌడ్‌లో ఉంటాది.”

“మబ్బులోనా? మన ఉద్దానం జీడితోటలోల్లకి మబ్బుల సంగతి నువ్వు సెప్పాలేటి? ఒక్కటి గట్టిగా వచ్చిందంటే తోటలన్నీ పడుకుంటాయి.”

బేరం తెగేలా లేదు. కొట్లో పెరిగినవాడికి తెలుసు: సరుకు గుణం చెబితే ఎవడూ కొనడు, ఏం మిగులుతుందో చెప్పాలి.

“ఒక జీతం మిగుల్తాది మావా,” అన్నాను.

ఎవరి జీతమన్నది నేను చెప్పలేదు. ఆయన అడగలేదు. ఇద్దరం మాత్రం కిటికీ వైపు చూశాం.

“దీపావళి సీజన్ దాకా సూద్దాం,” అన్నాడు మావయ్య. “మిషనే పని సేసీసిందనుకో, రూతమ్మా, నువ్వు మళ్ళీ షెడ్డుకెల్లిపోదువు గాని. ఇక్కడ ఖాళీగా కూకుంటే నీకూ తోచదు.”

“అలగే బాబుగారూ,” అంది రూతమ్మ, చేతులు కొంగు కింద పెట్టుకుంటూ.

ఆమె ముఖం నేను సరిగ్గా చూడలేదు. అప్పటికి నా మనసు రాబోయే బేరం మీద ఉంది.

ఆ సాఫ్టువేరుకు మనిషికింత, నెలకింత అని డాలర్లలో ధర. కంపెనీ అమ్మకాల అమ్మాయి చాటింగులోకి వచ్చింది.

“మీకెలా సహాయపడగలను?”

“చివరి మాట చెప్పండి.”

“క్షమించండి, అర్థం కాలేదు.”

“ధర. ఆఖరికి ఎంతకిస్తారు?”

“వెబ్‌సైటులో ఉన్నదే ధరండీ.”

ఇక్కడ ఒక విద్య ఉంది. కొట్టువాడు దిగకపోతే మనం వెనక్కి తిరిగి నాలుగడుగులు వేయాలి. అయిదో అడుగుకు పిలుస్తాడు. నేను చాటింగు కిటికీ మూసేసి, కుర్చీని గోడ వైపు తిప్పుకుని కూర్చున్నాను. రెండు రోజులు గోడనే చూశాను. మూడో రోజు ఈమెయిలు వచ్చింది: “మీరు వెళ్ళిపోవడం మాకు బాధ కలిగించింది. ఏడాదికి కట్టేస్తే పది శాతం తగ్గిస్తాం.”

“సూసేవా మావా, అమెరికావోడు కూడా ఎనక్కి పిలిసేడు!”

ఆ ఉత్తరం కిటికీ మూసిన ప్రతివాడికీ మూడో రోజున దానంతటదే వెళుతుందని నాకు ఏడాది తర్వాత తెలిసింది.

మనిషికింత అన్నారు కాబట్టి ఒక్క మనిషికే కట్టి, అదే పేరుతో నేనూ రూతమ్మా ఇద్దరం వాడుకున్నాం. అన్నిటికన్నా చవక రకం తీసుకున్నాను. చవక రకానికి ఫోను సహాయం ఉండదట. సందేహాలొస్తే కమ్యూనిటీలో అడుక్కోవాలట. అంటే ఇదే సాఫ్టువేరుతో పొట్టపోసుకునే లోకంలోని వాళ్ళంతా ఒక వెబ్‌సైటులో చేరి, ఒకరినొకరు ప్రశ్నలు అడుగుతూ, జవాబులు చెబుతూ, పాయింట్లు సంపాదించే చోటు. డబ్బివ్వకుండా నిపుణులు పని చేసిపెట్టే బజారు ఒకటుందని నాకంతవరకు తెలియదు. ఆ రోజే చేరిపోయాను.

వారం తిరగలేదు, చిక్కు వచ్చింది. రూతమ్మ పుస్తకం ఉన్నన్నాళ్ళూ మావయ్య ఆజ్ఞ ఒకటుండేది: పొద్దున మొదటి ఫిర్యాదుతో వాదించకూడదు; క్షమించమని చెప్పి కొత్త డబ్బా పంపేయాలి. రోజుకు ఒక్క డబ్బా. అది బోణీ. సాఫ్టువేరు ఆ సంగతి తెలియక, పొద్దున్నే మొదటి మనిషిని బిల్లు నంబరు అడిగింది. ఆ రోజు ఆర్డర్లు రెండే వచ్చాయి.

“బోణీ సెడగొట్టీసింది నీ మిషను,” అన్నాడు మావయ్య. “దానికి నేర్పుతావా, తీసి పారెయ్యమంటావా?”

కమ్యూనిటీలో అడిగాను: “రోజులో మొదటి కస్టమరును గుర్తుపట్టే రూలు రాయడం ఎలా?”

మొదట పలికింది ఫిన్లాండు నుంచి ఒక పెద్దమనిషి. “మొదటి కస్టమరు ఎందుకు ముఖ్యం?”

“ఆ రోజు వ్యాపారమంతా అతని చేతి మీద ఆధారపడి ఉంటుంది.”

“ఆసక్తికరం. దీనికి డేటా ఉందా?”

“మా నాన్న ఉన్నాడు,” అని రాశాను.

మన దేశపు శాఖను నడిపే వసుమతిగారనే చెన్నై ఆవిడ కల్పించుకుని, మీ ఊళ్ళో ఇదేమైనా చట్టమా అని అడిగింది. చట్టమైతే తప్పించుకోవచ్చు, ఇది బోణీ అన్నాను. ఆ సాఫ్టువేరులో రోజులో మొదటిదేదో చెప్పే ఏర్పాటు మా చవక రకానికి లేదని చివరికి తేల్చారు.

ఖరీదైన రకం కొనడమా? నేనా? రాత్రంతా ఆలోచించి కిటుకు కనిపెట్టాను. పొద్దున పెట్టెలో ఏమీ ఉండదు కదా. కాబట్టి, కొత్త టికెట్టు వచ్చినప్పుడు పెట్టెలో తేలని టికెట్టు ఇంకొకటి లేకపోతే, అదే బోణీ. వెంటనే మావయ్య పేరుతో, అడిగినదానికల్లా ఒప్పుకుంటూ, క్షమాపణ వెళుతుంది. గొడౌనులో డబ్బాలు కట్టే అప్పన్నకు పంపమని కాగితం వెళుతుంది. రెండో టికెట్టు వచ్చేసరికి మొదటిది పెట్టెలోనే ఉంటుంది కాబట్టి అది బోణీ కాదు. ఎంత అందంగా ఉందో చూడండి. నేనూ అలాగే చూస్తూ చాలాసేపు కూర్చున్నాను.

అది పని చేసింది. రోజుకొక్క బోణీ, ఒక్క డబ్బా. రూతమ్మ అప్పట్లో ఒక్క వేలితో, కోడి గింజ ఏరుకున్నట్టు ఒక్కో అక్షరం కొట్టేది. ఒక టికెట్టు తేల్చేలోపు నాలుగు వచ్చి పడేవి. పెట్టె సాయంత్రం దాకా నిండుగానే ఉండేది; మిగిలినవి రాత్రి నేను కూర్చుని ఖాళీ చేసేవాణ్ని.

కిటుకును కమ్యూనిటీలో ప్రకటించాను. పాయింట్లు కురిశాయి. ఫిన్లాండు ఆయన మాత్రం, “మధ్యాహ్నం పెట్టె ఖాళీ అయితే ఏమవుతుంది?” అని అడిగాడు.

“పలాసలో ఫిర్యాదుల పెట్టె ఖాళీ కావడమూ, బారువ దగ్గర సముద్రం ఎండిపోవడమూ ఒకేసారి జరుగుతాయి,” అని రాశాను.

ఆయన ఒక నవ్వు బొమ్మ పెట్టి ఊరుకున్నాడు.

ఆ నెల నాకు నిపుణుడు అనే బ్యాడ్జీ వచ్చింది. అల్పుడికి బ్యాడ్జీ వస్తే లామినేషన్ చేయిస్తాడట. నేను రంగుల్లో అచ్చు తీయించి, లామినేషన్ చేయించి, ఆఫీసు గోడకు తగిలించాను.

“ఏట్రా అది?” అన్నాడు మావయ్య.

“ప్రపంచంలోని నిపుణులంతా కలిసి ఇచ్చారు మావా.”

“బేంకోడు తాకట్టు పెట్టుకుంటాడేటి?”

ఈలోగా రూతమ్మ నాకు తెలియకుండా యుద్ధానికి సిద్ధమవుతోంది. మిషను తన కుర్చీ తీసుకోకముందే తానే మిషను నేర్చేసుకోవాలని ఆమె లెక్క. మూలన పడేసిన పాత కీబోర్డు అడిగి తీసుకుంది. రైల్లో టెక్కలి నుంచి పలాస దాకా దాన్ని ఒళ్ళో పెట్టుకుని, వైరు సంచిలో దోపుకుని, పది వేళ్ళతో సాధన చేసేది. ఎదుటి సీటు వాళ్ళు హార్మోనియం అనుకున్నారట. “పాట కూడా అందుకోవే తల్లీ,” అని ఒక ముసలాయన బతిమాలాడట.

నెలన్నర తిరిగేసరికి ఆమె వేళ్ళు కీబోర్డు మీద వానచినుకుల్లా పడేవి. ఇరవై ఏళ్ళు జీడిపిక్కను పగలగొట్టి లోపలి పప్పును విరగకుండా గుండుగా తీసిన వేళ్ళవి, అక్షరాలొక లెక్కా? టికెట్టు రావడం, తేలడం. రావడం, తేలడం.

సరిగ్గా అప్పుడే వసుమతిగారి నుంచి పిలుపు వచ్చింది: హైదరాబాదులో కమ్యూనిటీ సభ, మీ బోణీ రూలు గురించి పావుగంట మాట్లాడండి అని. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను ఇంట్లో ఏం జరుగుతోందో చూడకుండానే రచ్చకు టికెట్టు కొన్నాను.

“అప్పా, రేపు పదకొండింటికి మన తెర అక్కడ అందరికీ సూపిస్తాను. నీ సత్తా సూపించు. ఒక్క టికెట్టు కూడా పెట్టెలో నిలవకూడదు. నీ యేగం సూసేక మావ నిన్ను షెడ్డుకి పంపుతాడేటి?”

“అలగే బాబూ. ఒక్కమాట. ఈయేల బోణీ ఆరుసార్లయినాది.”

“బోణీ రోజుకొక్కసారే అప్పా. రెండోసారి అయితే అది బోణీయే కాదు.”

“అదే నానూ అంతన్నాను.”

నేను చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాను. వినపడింది, ఎక్కలేదు.

హైదరాబాదు హోటల్లో చల్లని హాలు. నలభై మంది. అందరికీ ఒక టీషర్టు ఇచ్చారు. నాకు రెండు సైజులు తక్కువది దొరికింది, అయినా ఉచితం కాబట్టి తొడుక్కున్నాను. పొట్ట దగ్గర ఊపిరి బిగబట్టి వేదిక ఎక్కాను. తెర మీద పలాస ఆఫీసు పెట్టె ఉన్నదున్నట్టు వెలిగింది. పైన మూలన ‘నేటి బోణీలు’ అని పెద్దక్షరాలతో ఒక లెక్క. అందరికీ ‘1’ స్పష్టంగా కనపడాలని దాన్ని నేనే పెద్దగా పెట్టుకున్నాను.

అక్కడ ‘31’ అని ఉంది.

“ముప్పై ఒకటా?” అంది వసుమతిగారు.

“ఏదో తెర దోషమండీ,” అన్నాను. “ఇదిగో, కొత్త టికెట్టు వస్తోంది చూడండి.”

వచ్చింది. తళుక్కున పచ్చరంగు పడింది. బోణీ. క్షమాపణ వెళ్ళింది, డబ్బా వెళ్ళింది. హాలంతా చప్పట్లు. అరనిమిషంలో రూతమ్మ దాన్ని తేల్చేసింది. ఇంకోటి వచ్చింది. మళ్ళీ పచ్చరంగు.

“ఇది కూడా మొదటి కస్టమరేనా?”

“ఇది... రెండో మొదటి కస్టమరు.”

ముందు వరసలో ఎవరో నవ్వారు. మూడో మొదటి కస్టమరుకు రెండో వరస నవ్వింది. నాలుగో మొదటి కస్టమరు వచ్చేసరికి నాకు విషయం అర్థమైంది. రూతమ్మ ఎంత వేగంగా తేలిస్తే పెట్టె అంత వేగంగా ఖాళీ అవుతోంది. ఖాళీ పెట్టెలో పడిన ప్రతి టికెట్టూ బోణీయే. ఆమె కష్టపడే కొద్దీ మావయ్య గొడౌను తరుగుతోంది. బారువ దగ్గర సముద్రం మాత్రం అలాగే ఉంది.

జేబులో ఫోను మోగింది. మావయ్య. టీషర్టు మీద మైకు ఉందన్న సంగతి మరిచిపోయి ఎత్తాను.

“ఒరే అల్లుడూ, మనం జీడిపప్పు అమ్ముతన్నామా, పంచుతన్నామా?”

“మావా, ఒక్క నిమిషం...”

“అప్పన్న ముప్పై డబ్బాలు కట్టీసినాడు, ఇంకా కాగితాలొచ్చేత్తన్నాయి! పెళ్ళి పాయసంలో కూడా ఇంత పప్పు పొయ్యరు కదరా!”

రూలును అక్కడికక్కడే ఆపేశాను. ‘మీ మార్పు గంటలోగా అమల్లోకి వస్తుంది’ అని తెర మీద మర్యాదగా రాసింది. చవక రకం కదా.

“మావా, ఫోను రూతమ్మప్పకియ్యి... అప్పా, పని ఆపీ! ఒక్క టికెట్టు కూడా తేల్చకు. సేతులు కట్టుకుని కూకో!”

ఫిర్యాదులు త్వరగా తేల్చడమెలాగో నేర్చుకుందామని మూడు రాష్ట్రాల నుంచి వచ్చిన నలభై మంది ఎదుట, మైకులో, నేనన్న మాటలివి.

“పని మానీమంటే ఎలగ బాబూ?” రూతమ్మ గొంతు తగ్గించింది. “మీ మావయ్యగారు నా ఎనకాలే నిలబడి సూత్తన్నారు. ఈయేల సేతులు కట్టుకుంటే రేపు షెడ్డుకే గదా నానెల్లేది.”

ఆమె మాట ఆగింది గాని వేళ్ళు ఆగలేదు. మావయ్య వెనక నిలబడి ఉన్నాడు కాబట్టి ఇంకాస్త జోరు పెంచింది. నలభై. నలభై ఎనిమిది. యాభై అయిదు. హాలు నాతోపాటు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. అరవై ఒకటి దగ్గర రూతమ్మ మళ్ళీ పలికింది.

“బాబూ, పెట్టె ఖాళీ అవకపోతే సాలు గదా?”

“సాలప్పా!”

“అయితే ఉండండి.”

తెర మీద కొత్త టికెట్టు పడింది. పంపినవారి పేరు: రూతమ్మ. తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నాయి.

“ఏమని రాశారు?” అంది వసుమతిగారు. ఆవిడకు తెలుగు రాదు.

చదివి చెప్పక తప్పలేదు. “నా పేరు రూతమ్మ. మీ కంపెనీలోనే ఉంటాను. ఇరవై ఏళ్ళు పిక్కలు కొట్టాను. ఇప్పుడు ఈ పని నేర్చుకున్నాను. సీజన్ అయ్యాక కూడా ఈ కుర్చీ నాకే ఉండాలి. జవాబు ఇవ్వగలరు.”

నవ్వులు ఆగిపోయాయి. నా టీషర్టు కుట్టు విడిపోవడం నాకు వినపడింది.

ఆ టికెట్టు వచ్చేసరికి పెట్టె ఖాళీగా ఉంది. తళుక్కున పచ్చరంగు పడింది. రూలు తన చివరి ధర్మం నెరవేర్చింది. తెర మీద జవాబు ప్రత్యక్షమైంది: “మీ ఫిర్యాదు న్యాయమైనది. ఏ వాదనా లేకుండా మీరు కోరినది పూర్తిగా అంగీకరిస్తున్నాం. కలిగిన ఇబ్బందికి క్షమించండి. అరకిలో గుండు పప్పు పంపుతున్నాం. ఇట్లు, సూర్యం, ప్రొప్రయిటరు.”

ఆ రోజు హాల్లో మోగిన చప్పట్లన్నిటిలోకీ పెద్దవి అవే. వాటిలో నా వాటా ఒక్కటీ లేదు.

ఫోనులో మావయ్య కేక వినపడింది. “నాను రాయలేదురా ఇది!”

“కింద నీ పేరే ఉంది మావా.”

“మిషను రాసింది!”

“బోణీ మావా,” అన్నాను.

మా రెండు కుటుంబాల్లో అప్పులు ఎగ్గొట్టినవాళ్ళున్నారు, మాట తప్పినవాళ్ళున్నారు. బోణీ వెనక్కి తీసుకున్నవాడు మాత్రం లేడు.

“సరే,” అన్నాడు మావయ్య. “ఆ పప్పుడబ్బా కూడా ఇచ్చీమను. కుర్సీ నీదే రూతమ్మా. ఇంకేటీ అడక్కు, మిషను ఒప్పీసుకుంటాది.”

రూతమ్మ ఆ టికెట్టును తేల్చలేదు. అది పెట్టెలోనే ఉంది కాబట్టి తర్వాత వచ్చినవేవీ బోణీలు కాలేదు. లెక్క అరవై రెండు దగ్గర ఆగింది. గంట తర్వాత నా మార్పు అమల్లోకి వచ్చింది, పెళ్ళయ్యాక వచ్చిన బాజాల్లా.

తిరిగొచ్చాక అడిగాను. “అప్పా, అదంతా ఆలోసించే రాసేవా?”

“మీ నాన్నగారు గల్లాపెట్టె అడుగున ఒక బిళ్ళ ఉంచుతారు గదా బాబూ, రైలెక్కేముందు మీ కొట్లో సరుకులు కొన్నప్పుడు రోజూ సూసేదాన్ని. మీరెప్పుడూ సూడలేదేటి?” అంది. నా ప్రశ్నకు అది జవాబు కాదని ఇంటికెళ్ళే దాకా నాకు తట్టలేదు.

ఫిన్లాండు పెద్దమనిషి సభ సంగతి చదివి ఇంకో నవ్వు బొమ్మ పెట్టాడు. గోడ మీది బ్యాడ్జీ నేనే దించేశాను. లామినేషన్ గట్టిది, మావయ్య దాని మీద టీ గ్లాసు పెట్టుకునేవాడు.

ఆ రోజు గుండు పప్పు చేత పట్టుకుని ఒట్టేశాను: ఇకమీదట ఏ మిషనుకూ మా నాన్న తెలివిలో సగం నేర్పను. నేర్పితే రెండు శాసనాలూ నేర్పుతాను, లేకపోతే అమెరికావాణ్ని అమెరికావాడిలాగే బతకనిస్తాను.

ఇక బిల్లు. తూకంలో వేలు పెట్టకుండా చెబుతున్నాను. సభ రోజు డబ్బాలు అరవై రెండు, అందులో రూతమ్మది ఒకటి. అంతకుముందు నేను వినిపించుకోని రోజుల్లో కారినవి నలభై ఒకటి. మొత్తం నూట మూడు డబ్బాలు, యాభై ఒకటిన్నర కిలోల గుండు పప్పు, కొరియరు అదనం. రాబడి వైపు: ఉచిత డబ్బా తిని రుచి మరిగి దీపావళికి కొన్నవారు పదిహేడు మంది. రుచి మరిగి, ఎర్రమ్మలా పొద్దున ఎనిమిదింటికల్లా కొత్త ఫిర్యాదుతో మెట్టు మీద కూర్చోవడం నేర్చినవారు తొమ్మిది మంది. కుట్టు విడిపోయిన టీషర్టు ఒకటి.

ఇంకొక పద్దు మిగిలింది. సాఫ్టువేరు వస్తే ఒక జీతం మిగులుతుందని మావయ్యకు మాటిచ్చాను కదా. అది నిజమే అయింది. ఉగాది దాకా నెలనెలా మిగిలింది.

నాది.